లారా పేరు లేని పాట

గురువారం: స్టేట్స్‌విల్, విల్క్స్‌బరో, ఫెర్గూసన్

1868 మే 1న నార్త్ కరొలైనాలోని స్టేట్స్‌విల్‌లో టామ్ డ్యూలా అనే కుర్రాణ్ణి ఉరి తీశారు. అప్పటికి అతనికి పాతికేళ్లు నిండలేదు. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో పనిచేసి, ప్రాణాలతో ఇల్లు చేరి, ఏడాది తిరిగేసరికి లారా ఫాస్టర్ అనే అమ్మాయిని చంపిన కేసులో దొరికాడు. తొంభై ఏళ్లు గడిచాక, 1958లో, కింగ్‌స్టన్ ట్రియో అనే ముగ్గురు కుర్రాళ్లు అతని మీద ఉన్న జానపద గీతాన్ని రికార్డు చేస్తే అది అమెరికాలో నంబర్ వన్ పాట అయింది. అందుకే మా ప్రయాణంలో మొదటి ఊరు స్టేట్స్‌విల్.

ఇదే రాష్ట్రంలో మేముండే ఊరు కేరీ నుంచి పొద్దున్నే బయల్దేరాం, నేనూ మా పిన్నీ. పిన్నిది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. వేసవిలో మా దగ్గరికి వచ్చింది, దీపావళి లోపు వెళ్లిపోవాలి. నయాగరా, న్యూయార్క్ అందరిలాగే చూసేసింది. "నువ్వు కారులో ఎప్పుడూ పెడతావే ఆ ఏడుపు పాటలు, అవెక్కడివో అక్కడికి తీసుకెళ్లవే" అని తనే అడిగింది. పిల్లల స్కూలు సంగతి మావారు చూసుకుంటానన్నారు. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని ఐ-40 హైవే ఎక్కేశాం.

పిన్ని ఏడుపు పాటలు అంటున్నవాటికి ఇప్పుడు గోథిక్ కంట్రీ అనీ డార్క్ ఫోక్ అనీ పేర్లు పెట్టారు. బాంజో, ఫిడిల్, గిటారు మీద హత్యలు, ఉరికంబాలు, ఏట్లో మునిగిన అమ్మాయిలు, బొగ్గు గనులు, పాపభయం. మనవాళ్లలో చాలామంది ఈ సంగీతమని తెలియకుండానే వినే ఉంటారు. 2014లో వచ్చిన ట్రూ డిటెక్టివ్ టీవీ సీరియల్ మొదటి సీజన్ టైటిల్స్‌లో వినిపించేది హ్యాండ్‌సమ్ ఫ్యామిలీ అనే భార్యాభర్తల జంట పాటే. నన్ను పట్టుకున్నది మాత్రం డెన్వర్ బృందం సిక్స్‌టీన్ హార్స్‌పవర్. ఆ గాయకుడు డేవిడ్ యూజీన్ ఎడ్వర్డ్స్ నాజరీన్ చర్చి పాస్టరు మనవడు. నరకం ఉందని నిజంగా నమ్మేవాడు పాడితే ఎలా ఉంటుందో అతని గొంతులో విన్నాను. ఈ రకం సంగీతంలో అసలేదో నకిలీ ఏదో నాకు తెలిసేది అక్కడే. నల్లటోపీ, పుర్రె, ఒక కాకి ఉంటే సరిపోతుందనుకునే బ్యాండ్లు బోలెడున్నాయి. వాళ్ల పాటల్లో చచ్చిపోయిన మనిషికి పేరుండదు, ఊరుండదు. ఎడ్వర్డ్స్ లాంటివాళ్ల సంగీతానికి వేళ్లున్నది అమెరికా తూర్పు వైపున్న ఈ అపలాచియన్ కొండల పాటల్లో. అక్కడ పేరూ ఉంటుంది, ఊరూ ఉంటుంది, ఒక్కోసారి సమాధి కూడా ఉంటుంది.

స్టేట్స్‌విల్‌లో ఎక్కువసేపు ఆగలేదు. హత్య జరిగింది ఇక్కడ కాదు, పక్కనున్న విల్క్స్ కౌంటీలో. అక్కడ న్యాయమైన విచారణ జరగదని డ్యూలా లాయరు కేసును ఈ ఊరికి మార్పించాడు. ఆ లాయరు జెబులన్ వాన్స్, రాష్ట్రానికి మాజీ గవర్నరు. ఉరి రోజున న్యూయార్క్ హెరాల్డ్ తన విలేకరిని పంపింది. అంటే పాట పుట్టేలోపే ఈ చావు మీద ఊరూరా కబుర్లు మొదలయ్యాయన్నమాట.

విల్క్స్‌బరోలో డ్యూలాను ఉంచిన పాత ఇటుక జైలు ఇంకా ఉంది. పాత కోర్టు భవనంలో మ్యూజియం, దాని వెనకే జైలు. లోపల గదులు చిన్నవి, గోడలు దళసరివి. పిన్ని గుమ్మం దగ్గరే నిలబడి కథ మొత్తం చెప్పించుకుంది. 1866 మే నెలలో ఒక తెల్లవారుజామున లారా తన తండ్రి గుర్రమెక్కి ఇల్లు వదిలింది. డ్యూలాతో పెళ్లికి వెళ్తోందని ఊరు అనుకుంది. వేసవి చివర్లో లోతులేని గుంటలో శవం దొరికింది. డ్యూలాకి అంతకుముందు నుంచే ఆన్ మెల్టన్ అనే పెళ్లయిన ఆమెతో సంబంధం ఉంది, ఆమె లారాకి బంధువు. ఆన్ కూడా ఇదే జైల్లో ఉంది. ఉరికి ముందు రాత్రి డ్యూలా ఒక కాగితం మీద ఈ హత్యలో తన చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ లేదని రాసిచ్చాడు. ఆన్ విడుదలైంది. ఆమెను కాపాడటానికే అలా రాశాడని ఈ లోయలో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

అక్కణ్ణుంచి 268వ నంబరు రోడ్డు మీద యాడ్కిన్ నది పక్కనే ఫెర్గూసన్ వైపు వెళ్లాం. అక్టోబరు కదా, కొండలు ఎర్రగా పసుప్పచ్చగా ఉన్నాయి. కారులో 1958 నాటి పాట పెట్టాను. పిన్నికి ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా పాట అయిపోగానే అడిగింది:

"ఆ పిల్ల పేరేటన్నావు?"

"లారా, పిన్నీ."

"పాటలో ఏదే? ఆడి పేరే అన్నిసార్లూ అన్నారు."

మళ్లీ పెట్టాను. నిజమే. అమెరికా అంతా పాడుకున్న ఆ పాటలో లారా ఫాస్టర్ పేరు ఎక్కడా లేదు. ఒక అందమైన అమ్మాయి, అంతే. నేను ఎన్నో ఏళ్లుగా వింటున్న పాట అది, ఈ సంగతి పిన్ని ఒక్కసారికే పట్టేసింది. 1929లో గ్రేసన్, విట్టర్ అనే ఇద్దరు ఇదే పాటను విక్టర్ రికార్డుల కంపెనీకి పాడినప్పుడు "పాపం లారా ఫాస్టర్‌ని చంపావు" అని డ్యూలాకి ముఖం మీదే చెప్పారు. పాట కొండ దిగి రేడియోలోకి వచ్చేసరికి హంతకుడి పేరు మిగిలింది, ఆమె పేరు పోయింది.

డ్యూలా సమాధి ఒకరి సొంత స్థలంలో ఉంది, అక్కడికి వెళ్లలేదు. జ్ఞాపకంగా పట్టుకెళ్లడానికి జనం ఆ సమాధి రాయిని ముక్కలు ముక్కలుగా చెక్కుకుపోయారు. లారా సమాధి మరికొంత దూరంలో, నది ఒడ్డు పొలాల్లో, తెల్ల కంచె మధ్య ఉంది. రోడ్డు పక్కన కారాపి దూరం నుంచే చూశాం. పిన్ని చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది.

శుక్రవారం: బూన్, ట్రేడ్, బ్రిస్టల్

రాత్రి బూన్‌లో పడుకున్నాం. యూనివర్సిటీ ఊరు, ఆకుల రంగులు చూడటానికి వచ్చిన జనంతో కిటకిటలాడుతోంది. పొద్దున్నే కింగ్ స్ట్రీట్‌లో జానపద గాయకుడు డాక్ వాట్సన్ కంచు విగ్రహం చూశాం. బెంచీ మీద కూర్చుని గిటారు వాయిస్తున్నట్టు ఉంటుంది. పసితనంలోనే చూపు పోయినవాడు, ఈ కౌంటీలోనే డీప్ గ్యాప్‌లో పుట్టాడు, 2012లో పోయాడు. కింద పలక మీద "జనంలో ఒకడు" అనే అర్థం వచ్చే మాట ఒక్కటే ఉంది. తనని గొప్ప చెయ్యొద్దని ఆయన కోరుకున్నదే అది.

421వ నంబరు రోడ్డు మీద టెనెసీ సరిహద్దు దాటగానే ట్రేడ్ అనే చిన్న ఊరు. లారా శవం దొరక్కముందే డ్యూలా విల్క్స్ కౌంటీ వదిలి పారిపోయి ఇక్కడికి వచ్చాడు. జేమ్స్ గ్రేసన్ అనే ఆయన పొలంలో కొత్త బూట్లకి డబ్బు వచ్చేదాకా కూలి చేశాడు. వెతుక్కుంటూ మనుషులొచ్చినప్పుడు అతన్ని పట్టుకుని అప్పజెప్పిందీ ఈ గ్రేసనే. కింగ్‌స్టన్ ట్రియో పాటలో గ్రేసన్ పేరు కూడా ఉంది. పోలీసుతనం చేసినవాడు ఉన్నాడు, ఉరెక్కినవాడు ఉన్నాడు.

ఈ గ్రేసన్ల కుటుంబంలోనే ఒక గుడ్డి ఫిడిలర్ పుట్టాడు, గిలియమ్ బాన్‌మన్ గ్రేసన్. 1929లో లారా పేరుతో సహా పాట పాడాడని చెప్పానే, అతనే. ఇంటి మనిషి పట్టిచ్చిన హంతకుడి పాటను ఆ ఇంటివాడే రికార్డు చేశాడు. ఆ మరుసటేడు కారు ప్రమాదంలో పోయాడు. అతని రికార్డుల సంఖ్య తక్కువే అయినా, ఈ సంగీతంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గొంతు అది. ఫిడిల్ ఏ స్వరం పలికితే గొంతు కూడా అదే స్వరం పట్టుకుని వెళ్తుంది. కోపం తెచ్చుకోడు, ఏడవడు. కోర్టులో సాక్షి చెప్పినట్టు చెప్పుకుపోతాడు.

ఈ సంగీతం అసలు బలం అదేనని నా నమ్మకం. పాడేవాడు ఏడ్చేస్తే మనకింక చెయ్యడానికేం మిగలదు. అతను ముఖంలో ఏ భావమూ లేకుండా "ఆమెను ఏటి దగ్గరికి తీసుకెళ్లాడు" అని తరవాతి చరణంలోకి వెళ్లిపోతే, ఆ దుఃఖం మోయాల్సినది వినేవాళ్లే. మన సినిమా పాటలో విషాదం వచ్చేసరికి వయొలిన్లు యాభై లేస్తాయి, గాయకుడి గొంతు వణుకుతుంది. అది నాకూ ఇష్టమే. కానీ రాత్రి ఒంటరిగా కారు నడుపుతున్నప్పుడు వెన్నులో చలి పుట్టించేది మాత్రం గ్రేసన్ గొంతు.

మౌంటెన్ సిటీ నుంచి బ్రిస్టల్ దాకా రోడ్డంతా మెలికలే. పిన్నికి కళ్లు తిరిగి ఒకచోట ఆగి అల్లం మురబ్బా తిన్నాక గానీ కదల్లేదు.

బ్రిస్టల్ ఊరి మధ్యలో స్టేట్ స్ట్రీట్. రోడ్డు నడిబొడ్డున రెండు రాష్ట్రాల సరిహద్దు, ఒక వైపు వర్జీనియా, ఇంకో వైపు టెనెసీ. 1927 జులై 25 నుంచి ఆగస్టు 5 దాకా విక్టర్ కంపెనీ మనిషి రాల్ఫ్ పియర్ ఈ వీధిలో, టోపీల కంపెనీ భవనంలో మైకు పెట్టి కూర్చున్నాడు. చుట్టుపక్కల కొండల్లోంచి జనం వచ్చి పాడారు. 19 బృందాలు, 76 పాటలు. కార్టర్ ఫ్యామిలీ అనే బృందం, జిమ్మీ రోజర్స్ అనే గాయకుడు మొదటిసారి రికార్డయింది అప్పుడే. ఆ భవనం ఇప్పుడు లేదు. 2014లో ఇదే ఊళ్లో మంచి మ్యూజియం తెరిచారు.

కార్టర్ ఫ్యామిలీ అక్కడ మొట్టమొదట పాడిన పాట, నన్ను విల్లో చెట్టు కింద పాతిపెట్టండి అని ప్రేమలో మోసపోయిన అమ్మాయి కోరుకునే పాట. ఆ పాటలోంచే అమెరికా కంట్రీ సంగీతం వ్యాపారం పెరిగింది. ఇంకో సంగతి. బ్లైండ్ ఆల్ఫ్రెడ్ రీడ్ అనే మరో అంధ ఫిడిలర్ ఆ జులైలో వర్జీనియన్ రైల్వే ప్రమాదం మీద పాట పాడాడు. వెస్ట్ వర్జీనియాలో ఆ ప్రమాదం జరిగింది అదే ఏడాది మే 24న. రెండు నెలలకే పాట, రికార్డు అయిపోయాయి. అంతకు మూడేళ్ల ముందు వెర్నన్ డాల్‌హార్ట్ అనే గాయకుడి రికార్డు ఒకటి వచ్చింది. ఒక వైపు 1903 నాటి రైలు ప్రమాదం, రెండో వైపు ఖైదీ పాట. కంట్రీ సంగీతంలో పది లక్షలు దాటి అమ్ముడైన మొదటి రికార్డుగా దాన్నే చెబుతారు. చీకటి అనేది తరవాత ఎవరో ఫ్యాషన్ కోసం కంట్రీకి పూసిన రంగు కాదు. మొదటి రోజు నుంచి దుకాణంలో అమ్ముడుపోయిన సరుకే అది.

మ్యూజియంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పిన్ని గంటన్నర కూర్చుంది. రైలు పాట కథ చెప్పగానే, తన చిన్నప్పుడు జముకుల కథవాళ్లు ఊరికొస్తే పక్క ఊళ్లో జరిగిన చావుల మీద కూడా కథ కట్టి చెప్పేవారని గుర్తు చేసుకుంది.

శనివారం: నార్టన్, క్లింట్‌వుడ్, హిల్టన్స్

పొద్దున వర్జీనియా బొగ్గు ప్రాంతంలోకి వెళ్లాం. నార్టన్ జనాభా నాలుగు వేలకు లోపే, వర్జీనియాలో సొంతంగా సిటీ హోదా ఉన్న ఊళ్లలో ఇదే అన్నిటికంటే చిన్నది. కొండల మధ్య రైలు పట్టాలు, మూతబడ్డ దుకాణాలు. బాంజో వాయిస్తూ పాడే డాక్ బాగ్స్ 1898లో ఇక్కడే పుట్టాడు. చిన్నతనంలోనే గనిలోకి దిగి నలభై ఏళ్లకు పైగా బొగ్గు తవ్వాడు. 1927లో బ్రన్స్‌విక్ రికార్డుల కంపెనీ వాళ్లు ఈ ఊరి హోటల్లో గొంతులు పరీక్షించి ఇతన్ని న్యూయార్క్ తీసుకెళ్లారు. ఎనిమిది పాటలు రికార్డు చేశాడు. ఆ తరవాత 1930ల ఆర్థిక మాంద్యం వచ్చింది. పాటలు పాపమని నమ్మే భార్య. బాంజో తాకట్టుకెళ్లింది. మైక్ సీగర్ అనే జానపద సంగీతకారుడు 1963లో వెతుక్కుంటూ వచ్చేసరికి రిటైరైన గని కూలీగా ఉన్నాడు, బాంజో మళ్లీ చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. పాడమంటే పాడాడు, అదే గొంతు. 1971లో చనిపోయేదాకా పాడాడు.

బాగ్స్ బాంజో ఎందుకంత భయం పుట్టిస్తుంది? సంగీతం తెలిసినవాళ్ల కోసం కొంచెం లోపలికి వెళ్తాను. ఈ కొండల్లో బాంజోకి సామిల్ అనే శ్రుతి ఒకటుంది. తీగల్ని నొక్కకుండా ఉత్తినే మీటితే వినిపించేవి సా, మా, పా మాత్రమే. గాంధారం ఉండదు. పాశ్చాత్య సంగీతంలో పాట సంతోషమో విషాదమో తేల్చేది గాంధారమే. అది లేకపోయేసరికి పాట ఎటూ తేలదు. పైగా పొట్టిగా ఉండే అయిదో తీగ పాట పొడుగునా ఒకే స్వరం పలుకుతుంటుంది, తంబుర పలికినట్టే, కాకపోతే ఆగి ఆగి, గుచ్చినట్టు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత కథాగేయాల్ని, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు చేసుకున్న ఈ వాయిద్యం మీద తెల్లవాళ్లు వాయించారు. బాగ్స్ కూడా నల్లజాతి వాద్యకారుల్ని చూసి నేర్చుకున్నవాడే. ఈ సంగీతాన్ని తెల్లవాళ్ల సొత్తుగా చెప్పేవాళ్లు ఆ సగం వదిలేస్తారు. అలా వదిలేసి రాసిన చరిత్ర నాకు కోపం తెప్పిస్తుంది. కార్టర్ ఫ్యామిలీలో ఎ.పి. కార్టర్ పాటల కోసం ఊరూరా తిరిగినప్పుడు కూడా వెంట ఉన్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. విన్న పాట వరసలు గుర్తుపెట్టుకుని కార్టర్లకి నేర్పింది ఆయనే.

క్లింట్‌వుడ్‌లో బాంజో గాయకుడు రాల్ఫ్ స్టాన్లీ మ్యూజియం ఒక పెద్ద పాత ఇంట్లో ఉంది. స్టాన్లీ ఈ డికెన్సన్ కౌంటీలోనే 1927లో పుట్టాడు. ప్రిమిటివ్ బాప్టిస్టు చర్చిలో వాయిద్యాలుండవు. ఒకరు ఒక చరణం గబగబా చదివితే మిగతా అందరూ దాన్ని సాగదీసి పాడతారు. ఆయన గొంతు తయారైంది అక్కడే. 2000లో వచ్చిన కోయెన్ సోదరుల సినిమా కోసం మరణంతో మాట్లాడే పాత పాట పాడమంటే, బాంజో వద్దు, ఒట్టి గొంతుతో పాడతానని ఆయనే అడిగాడు. దానికి 2002లో, 75 ఏళ్ల వయసులో, గ్రామీ వచ్చింది.

ఆ పాటలో చావబోయే మనిషి, ఇంకొక్క ఏడాది ఆగమని మరణాన్ని బతిమాలుకుంటాడు. పిన్నికి అర్థం చెప్పాను.

"ఆగుతుందా మరి?"

"ఆగదు పిన్నీ."

"మన సావిత్రి అయితే ఆపేసును."

మన కథల్లో యముడు మాటల్లో పడతాడు, వరాలిస్తాడు, మార్కండేయుడి కోసం శివుడొచ్చి తంతే వెనక్కి కూడా పోతాడు. ఈ కొండల పాటల్లో అడ్డుపడేవాళ్లు ఎవరూ రారు. గనిలో కప్పు కూలితే ఎవరూ రాని చోట పుట్టిన పాటలవి.

సాయంత్రానికి హిల్టన్స్ చేరాం. క్లించ్ కొండ కింద పూర్ వ్యాలీ. ఇరుకు లోయ. కార్టర్ ఫ్యామిలీ సొంత ఊరు ఇదే. ఎ.పి. కార్టర్ 1960లో చనిపోయే ముందు ఈ సంగీతం ఆగకుండా చూడమని కూతురు జానెట్ దగ్గర మాట తీసుకున్నాడు. ఆమె 1974లో తండ్రి దుకాణంలో శనివారం కచేరీలు మొదలుపెట్టింది. ఇప్పటికీ ప్రతి శనివారం రాత్రి జరుగుతున్నాయి. మందు ఉండదు. కరెంటు గిటార్లు ఉండవు, అల్లుడి హోదాలో ప్రసిద్ధ కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అతని భార్య జూన్ కార్టర్ 2003 మేలో పోయింది. క్యాష్ చివరిసారి జనం ముందు పాడింది అదే ఏడాది జులై 5న, ఈ వేదిక మీదే. సెప్టెంబరులో ఆయనా పోయాడు.

ముందుగా మౌంట్ వెర్నన్ చర్చి శ్మశానానికి వెళ్లాం. ఎ.పి., శారా కార్టర్ సమాధులు ఒకే రకం గులాబీరంగు రాళ్లు, రెండిటి మీదా బంగారు రంగు గ్రామఫోను రికార్డు, దాని మీద వెలుగు వైపే ఉండమనే వాళ్ల పాట పేరు. ఇద్దరూ విడాకులు తీసుకున్నారు. విడిపోయాక కూడా కలిసి రికార్డు చేశారు.

కచేరీ హాలు పెద్ద షెడ్డులా ఉంటుంది, కుర్చీలు మెట్లు మెట్లుగా కిందికి. రాజ్మా లాంటి గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె అమ్ముతున్నారు. పిన్ని రెండోసారి కూడా అడిగి పెట్టించుకుంది. పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ పిన్ని చీర కొంగు పట్టుకుని చూసి ఏదో మెచ్చుకుంది, పిన్ని నవ్వింది. ఇద్దరికీ అంతకంటే భాష అక్కర్లేకపోయింది. వేదిక ముందు చెక్క నేల మీద ముసలీ ముతకా బూట్లకి ఇనప నాడాలు కొట్టించుకుని దరువేస్తూ డాన్సు చేస్తున్నారు.

మధ్యలో బ్యాండు ప్రెటీ పోలీ ఎత్తుకుంది, చాలా వేగంగా. పెళ్లి చేసుకుంటానని చెప్పి తీసుకెళ్లిన ప్రియుడు పోలీకి ముందురాత్రే గొయ్యి తవ్వి ఉంచుతాడు. జనం లేచి ఇంకా జోరుగా ఆడారు.

"పిల్లని చంపిన పాటకి గెంతుతారేటే?" పిన్ని నా చెవిలో అంది.

నిజానికి ఈ ప్రశ్న నన్ను ఎన్నో ఏళ్లుగా వెంటాడుతోంది. ఈ పాట మూలం 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఉంది. అక్కడి కథలో హంతకుడు ఓడెక్కి పారిపోతే, చనిపోయిన అమ్మాయి దెయ్యమై ఓడలోకి వచ్చి వాడి పని పడుతుంది. సముద్రం దాటి ఈ కొండలకి వచ్చేసరికి చాలా పాఠాల్లో దెయ్యం రాలిపోయింది. గొయ్యి, పార, మట్టి మిగిలాయి. దెయ్యం ఉంటే కనీసం న్యాయం ఉండేది. దెయ్యం లేని ఈ పాట దెయ్యం కథ కంటే భయంకరం.

మరి డాన్సు? హాల్లో ఉన్న ప్రతివాళ్లకీ పోలీకి ఏమవుతుందో తెలుసు. ఇళ్లల్లో అమ్మమ్మలు పాడగా విన్నవాళ్లు. వినోదం కోసం వాళ్లు చావును తేలిక చేస్తున్నారని నాకు అనిపించలేదు. గనుల్లో, ప్రసవాల్లో, అడవుల్లో ఇన్ని చావులు చూసిన ఊళ్లో, చావు పాటకి కాళ్లు ఆపేస్తే ఇక ఏ పాటకీ ఆడలేరు. అలాగని పాట అమాయకమైనదని కూడా అనను. నమ్మి వచ్చిన పిల్లను చంపడం ఒక మామూలు కథలా తరాలుగా పాడుకున్నారంటే అది అంత మామూలుగా జరిగింది కాబట్టే. నాకు ఈ రెండూ ఒకేసారి తెలియాలి. అవి రెండూ తెలిసే నేను ఈ పాటల్ని ప్రేమిస్తున్నాను.

ఆదివారం: రాండల్‌మన్

తిరుగు ప్రయాణంలో గ్రీన్స్‌బరో దగ్గర దక్షిణానికి తిరిగి రాండల్‌మన్ వెళ్లాం. డీప్ రివర్ ఒడ్డున పాత బట్టల మిల్లుల ఊరు. ఒక మిల్లుకి నయోమీ ఫాల్స్ అని పేరు పెట్టారు, 1808 ప్రాంతంలో ఈ నదిలో ముంచి చంపిన నయోమీ వైజ్ పేరే. పాటల్లో ఆమె ఓమీ. ప్రియుడు జొనాథన్ లూయిస్ పెళ్లి చేసుకుంటానని ఊటబావి దగ్గరికి రమ్మన్నాడు, గుర్రం మీద ఎక్కించుకుని నదికి తీసుకెళ్లాడు. అరెస్టయ్యాడు, జైల్లోంచి పారిపోయాడు, మళ్లీ దొరికాడు. హత్యానేరానికి మాత్రం శిక్ష పడలేదు. 1927లో ఈ పాట రికార్డు చేసిందీ మన గుడ్డి గ్రేసనే. 1929లో క్లారెన్స్ యాష్లీ, 1964లో డాక్ వాట్సన్ పాడారు. పాట పేరే ఆమె పేరు. అందుకే దీన్ని చివరికి ఉంచుకున్నాను.

ప్రావిడెన్స్ అనే, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల చర్చి శ్మశానంలో ఆమె సమాధి రాయి ఉంది. వెతకడానికి కష్టపడలేదు.

నయోమీని లోకం ఎలా చూడాలో నిర్ణయించింది బ్రాక్స్‌టన్ క్రేవెన్. తరవాత డ్యూక్ యూనివర్సిటీ అయిన కాలేజీకి అధ్యక్షుడాయన. 1851లో మారుపేరుతో ఈ కథ రాశాడు. అందులో నయోమీ పందొమ్మిదేళ్ల అనాథ, అందగత్తె, లోకం తెలియని పిల్ల. కానీ అంతకంటే పాతది, ఆ ప్రాంతంలోనే ఉన్న మేరీ వుడీ అనే ఆమె చేత్తో రాసుకున్న పద్యం ఒకటి బయటపడింది. దాని ప్రకారం నయోమీకి అప్పటికే పెళ్లి కాకుండా పుట్టిన ఇద్దరు పిల్లలున్నారు. మూడోసారి కడుపుతో ఉంది. అప్పటి చట్టం ప్రకారం బిడ్డ తండ్రి పేరు ఆమె బయటపెడితే అతను పోషణకి డబ్బు కట్టాలి. లూయిస్‌కి భయం అక్కడుంది.

సమాధి దగ్గరే ఇదంతా చెప్పాను. పిన్ని కాసేపు ఆలోచించి, "మా వేపు పేరంటాళ్లూ అంతేనే" అంది. "ఎవుడో చంపీసినా, నూతిలో దూకేసినా, ముందు పసుపూ కుంకం పూసి మహాపతివ్రతని చేసేస్తారు. ఆ తర్వాతే గుడి కడతారు. బతికున్నప్పుడు ఎవుల్తో తిరిగిందో అన్నవోళ్లే కొబ్బరికాయ కొడతారు."

అవును. పాట కట్టాలన్నా, గుడి కట్టాలన్నా, ఏడవాలన్నా ముందు ఆమె నిర్దోషి కావాలి. లారాకి పేరు పోయింది, నయోమీకి పేరు ఉంది గానీ పిల్లలు పోయారు. కూలి చేసి, ఇద్దరు పిల్లల్ని సాకుతూ, మూడో బిడ్డకి తండ్రి చేత డబ్బు కట్టించడానికి సిద్ధపడ్డ మనిషి మీద ఇంకా గొప్ప పాట ఉండాలి. ఇప్పుడు గోథిక్ కంట్రీ పాడుతున్నవాళ్లకి నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. పుర్రెలు పక్కనపెట్టి మేరీ వుడీ పద్యానికి వరస కట్టండి.

కారు ఎక్కాక ఓమీ వైజ్ పాట గ్రేసన్‌ది, యాష్లీది, వాట్సన్‌ది ముగ్గురివీ పెట్టాను. పిన్ని మూడూ విని ఆ పిల్లలేమయ్యారని అడిగింది. మూడు పాటల్లోనూ ఆ ఇద్దరు పిల్లల ఊసు లేదని చెప్పాను. "అయితే ఆ మేరీ రాసింది సంపాదించి నాకు తెలుగులో చెప్పు" అంది.